విమానం కాళ్ళు కడిగిన రోజు

బావగారు విమానం కొన్నారని అక్క నాకు చెప్పిన తీరు వింటే, ఆయన ఎవరినో రెండో పెళ్ళి చేసుకుని తీసుకొచ్చారేమో అనిపించేది.

"ఇంటి ఛాయలకి రావడానికి వీల్లేదన్నాను. తీసుకెళ్ళి సరస్సు మీద పెట్టారు," అంది.

నిజంగానే సరస్సు మీదే ఉంది. మిన్నెసోటా ఉత్తరపు కొసన, ఇంకొంచెం పైకి పోతే కెనడా వచ్చేస్తుందనేంత దూరంలో అక్కావాళ్ళ ఊరు. వాళ్ళ వంటింటి కిటికీలోంచి చూస్తే సరస్సు. చలికాలమంతా అది గడ్డకట్టి, పైన మంచు పరుచుకుని, లారీలు కూడా తిరిగేంత గట్టిగా ఉంటుంది. ఆ తెల్లదనం మధ్యలో పసుపుపచ్చ విమానం ఒకటి, మేతకి వచ్చి దారి మరిచిపోయిన పిట్టలా నిలబడి ఉంది. దానికి చక్రాలు లేవు. చక్రాలుండాల్సిన చోట మంచు మీద జారడానికి రెండు వెడల్పాటి స్కీలు ఉన్నాయి, ముందు మొనలు పైకి తిరిగి, తోలుచెప్పుల్లాగా. లోపల రెండే సీట్లు, ఒకదాని వెనక ఒకటి.

నేను ఆ ఇంటికి జనవరిలో వచ్చాను. లైబ్రరీ సైన్స్ చదవడానికి సీటు వచ్చింది గానీ, క్లాసులు సెప్టెంబరులో. అంతవరకూ అక్క దగ్గర. అప్పట్లో నేను మాట్లాడడమంటే పెద్ద విశేషం. ఫోను మోగితే స్నానాలగదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేదాన్ని. ఎవరైనా ఇంటికొస్తే కాఫీ ఇచ్చి మాయమయ్యేదాన్ని. ఊళ్ళో లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకాలు, డైరీ, కిటికీ పక్కన హీటరు: ఇవి ఉంటే నాకు ఇంకేమీ అక్కర్లేదు. "మా చెల్లెలు నోరు విప్పిందంటే అది సుప్రీంకోర్టు తీర్పు" అని అక్క అందరితో అనేది. అక్కడ అందరూ అంటే ఎవరు? ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళం మేం ముగ్గురమే. పక్కింటి ముసలాయన నాలుగోవాడు, ఆయనకి తెలుగు రాదు.

ఆ విమానం ఒకప్పుడు ఆ ముసలాయనదే. మోకాళ్ళు మొరాయించాక ఆయనే బావగారికి నడపడం నేర్పించి, లైసెన్సు వచ్చాక అమ్మేశాడు. బావగారు ఊరి ఆసుపత్రిలో డాక్టరు. వారానికి రెండు రోజులు సరస్సు అవతల పల్లెలో చిన్న క్లినిక్‌కి వెళ్ళాలి. రోడ్డు సరస్సు చుట్టూ, అడవిలోంచి తిరిగి తిరిగి పోతుంది. మంచు కురిసిన రోజున కారులో వెళ్తే మధ్యాహ్నం వరకూ పడుతుంది, వెనక్కి రావడం దేవుడి దయ. గాల్లోంచి అయితే కాఫీ చల్లారేలోపు చేరిపోవచ్చు. ఇదంతా ఆయన పని గురించి చెప్పే మాట. అసలు మాట ఆ విమానాన్ని చూస్తున్నప్పుడు ఆయన మొహంలో ఉండేది. నలభై దాటిన బట్టతల మనిషి, కొత్త గాలిపటం చేతికొచ్చిన పిల్లాడిలా అయిపోయేవాడు.

"రోడ్డున్నంత కాలం రోడ్డు మీద పోవాలి. రెక్కలు కావాలంటే వచ్చే జన్మలో కాకిగా పుట్టండి," అనేది అక్క. "వసంతం వచ్చేలోపు అది అమ్ముడుపోవాలి. లేకపోతే నేను ఇండియా పోతాను."

"నువ్వు ఇండియా పోవాలన్నా విమానమే ఎక్కాలోయ్," అన్నారు బావగారు.

ఆ రోజు రాత్రి బావగారికి కూరలో ఉప్పు లేదు. నాకు కూడా లేదు, పాపం నేనేమీ అనకపోయినా.

చివరికి రాజీ కుదిరింది. బాపట్లలో నాన్నగారు స్కూటరు కొన్నప్పుడు పంతులుగారు వచ్చి పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. ఆ స్కూటరు పదిహేనేళ్ళు ఎవరికీ గీత కూడా పడనివ్వలేదు. అక్క దృష్టిలో ఈ విమానానికున్న అసలు లోపం అదే: పూజ లేకుండా గాల్లోకి లేచింది. "పూజ నేనే చేస్తాను. చేశాక ఒకసారి నేనే ఎక్కుతాను. దిగాక చెప్తాను, ఉంచాలో అమ్మాలో," అంది. బావగారు వెంటనే ఒప్పుకున్నారు. బిగ్గరగా ఊపిరి పీల్చుకున్నా అక్క మనసు మారుతుందేమోనని నెమ్మదిగా పీల్చుకున్నారు.

ఆదివారం పొద్దున, ఎండ బాగా కాసింది. మంచు మీద పడిన ఎండకి కళ్ళు తెరవలేం. అక్క వంకాయరంగు పట్టుచీర కట్టుకుని, దాని మీద బావగారి పెద్ద కోటు, కాళ్ళకి మోకాళ్ళదాకా బూట్లు వేసుకుని, పళ్ళెం పట్టుకుని సరస్సు మీద నడుస్తోంది. వెనక నేను, చేతుల్లో రాగిచెంబు, కొబ్బరికాయ, రెండు పెద్ద అమెరికన్ నిమ్మకాయలు. అప్పటికే బావగారు, ముసలాయన కలిసి ఇంజను మీద దుప్పటి కప్పి, కింద పొయ్యి పెట్టి, రేకు గొట్టంలోంచి వేడిగాలి పంపుతున్నారు. చలిలో ఇంజను అలా వెచ్చబడితే తప్ప తిరగదట.

"అదేంటండీ, చంటిపిల్లకి సాంబ్రాణి పొగ వేసినట్టు!" అంది అక్క. ఆ విమానం గురించి ఆమె అన్న మొదటి మంచిమాట అదే.

పూజ మొదలైంది. అగ్గిపుల్ల గీస్తే గాలికి ఆరిపోతోంది. ముసలాయన చేపలు పట్టుకోవడానికి ఆ మంచు మీదే చిన్న చెక్కగది కట్టుకున్నాడు. అందులోకి వెళ్ళి కర్పూరం వెలిగించి, అక్క దాన్ని చేత్తో అడ్డుపెట్టుకుని పరిగెత్తుకొచ్చి హారతి ఇచ్చేలోపు మూడుసార్లు ఆరింది. నాలుగోసారి ముసలాయనే తన టోపీ తీసి గాలికి అడ్డం పెట్టి నిలబడ్డాడు. అక్క విమానం ముక్కుకి బొట్టు పెట్టింది. తోకకి బొట్టు పెట్టింది. ముసలాయనకి కూడా పెట్టింది.

కొబ్బరికాయ దగ్గర కష్టం వచ్చింది. కొట్టడానికి రాయి లేదు, రాళ్ళన్నీ మంచు కింద ఉన్నాయి. అక్క దాన్ని సరస్సు మీదే కొట్టింది. కొబ్బరికాయ పగల్లేదు, ఎగిరి, దొర్లుకుంటూ ఒడ్డు వైపు బయలుదేరింది.

"పట్టుకోవే, పట్టుకో!"

నేను పరిగెత్తాను. బూట్లు జారి కూర్చున్నాను. కూర్చునే కొంతదూరం వెళ్ళాను. కొబ్బరికాయని ఒళ్ళో పెట్టుకుని తిరిగొస్తుంటే ముసలాయన బావగారిని అడిగాడు, "డాక్, ఈ ఆట పేరేమిటి?" బావగారు మొహం అటు తిప్పుకున్నారు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

చివరికి ముసలాయన మంచుకి చిల్లు పెట్టే ఇనపగడ్డపార మీద కాయ పగిలింది. కొబ్బరినీళ్ళు చెంబులో పట్టి, అందులో పసుపు కలిపి అక్క అంది: "కొత్తగా ఇంటికొచ్చింది, కాళ్ళు కడగాలి కదా."

ఎడమ స్కీ మీద దోసిళ్ళతో పోసింది. అల్లుడి కాళ్ళు కడిగినట్టు, ముందు మొన దగ్గర్నుంచి వెనకదాకా, పక్కలా కిందా, శ్రద్ధగా. కుడి స్కీ దగ్గరికి వచ్చేసరికి చెంబులో నాలుగు చుక్కలే మిగిలాయి. "ఫర్వాలేదు, మనసు ముఖ్యం," అని ఆ నాలుగు చుక్కలూ చిలకరించింది. తరవాత రెండు స్కీల మొనల కింద కుంకుమ అద్దిన రెండు నిమ్మకాయలు తోసింది.

ఇక ఎక్కాలి. అక్క తలుపు దగ్గర నిలబడి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, ఒక కాలు ఎత్తింది. దించింది. రెండో కాలు ఎత్తింది. లోపలికి తొంగి చూసింది.

"ఇదేంటండీ, గోడలు గుడ్డవా?"

"గుడ్డే. గట్టి గుడ్డ."

"గుడ్డ!" అక్క నా వైపు తిరిగింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "చెల్లీ, నువ్వు వెళ్ళిరా. ఒక్క చుట్టు. దిగి ఎలా ఉందో చెప్పు. నువ్వు ఉంచమంటే ఉంచుతాం, అమ్మమంటే రేపే అమ్మేస్తాం. నీకు అబద్ధం రాదు."

బావగారు నన్ను చూశారు. ఏమీ అడగలేదు. ఏదో ఒకటి అడిగి ఉంటే నేను తప్పించుకునేదాన్నేమో. ఆ చూపుకి మాత్రం ఎదురు చెప్పలేకపోయాను. ఆయన విమానం నా నాలుక చివర ఉంది, అది సామాన్యంగా కదలని నాలుక.

ఎక్కి వెనక సీట్లో కూర్చున్నాను. అక్క నా నెత్తిన అక్షింతలు వేసి, మిగిలినవి ఒళ్ళో పోసి, పైన అరటిపండు, కొబ్బరిముక్క పెట్టి బెల్టు బిగించింది.

ఇంజను గర్జించింది. విమానం కదల్లేదు. కుడివైపు జారింది గానీ ఎడమ స్కీ మంచుకి అతుక్కుపోయింది. ముసలాయన రెక్క కింద కమ్మీ పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. టప్పున ఊడింది. కుడివైపు నిమ్మకాయ చితక్కుండా పక్కకి ఎగిరి ముసలాయన బూటుకి తగిలింది. ఎడమది మాత్రం స్కీ కింద పడి చితికింది. "శుభం!" అని అక్క అరవడం కనిపించింది, వినపడలేదు.

ఆ తరవాత జరిగింది డైరీలో ఎన్నిసార్లు రాసినా నాకు తృప్తి కలగలేదు. మంచు కింద గరగరమంటోంది, గరగర బరబర అయింది, బరబర సరసర అయింది, అంతలో శబ్దమే లేదు. చెట్లు మెత్తగా కిందికి దిగిపోయాయి. అక్క వంకాయరంగు చుక్క అయింది. మా ఇల్లు, ఊరి చర్చి, చేపల గది, అన్నీ ఎవరో బల్ల మీద సర్ది పెట్టిన బొమ్మల్లా ఉన్నాయి. జీవితంలో నేను మొదటిసారి, ఎవరూ అడగకుండా, అరిచాను.

"బావగారూ! ఇంకొంచెం పైకి!"

ఆయన వెనక్కి తిరిగి చూశారు. నా గొంతు ఆయన ఎప్పుడూ అంత గట్టిగా వినలేదు. "ఏంటి మరదలా, భయమేస్తోందా?"

"పైకి అంటున్నాను!"

సరస్సు చుట్టూ తిరిగాం. అవతల పల్లె, క్లినిక్ కప్పు కనిపించాయి. చలిగాలి గుడ్డగోడల మీద టపటపా కొడుతోంది. నాకు ఏ పుస్తకంలోనూ దొరకని ఒక తేలికదనం కడుపులోంచి గొంతుదాకా పొంగుతోంది. దిగుతున్నప్పుడు కూడా బావగారు ఎంతో నాజూగ్గా దింపారు. స్కీలు ముద్దుపెట్టుకున్నట్టు మంచుని తాకాయి.

అప్పుడు విమానం ఎడమ కాలు పట్టేసింది.

ఎవరో వెనకనుంచి ఆ ఒక్క కాలూ గట్టిగా పట్టుకున్నట్టు విమానం ఎడమకి గిర్రున తిరిగింది. స్కీ విమానానికి బ్రేకులుండవు. బావగారు కుడి పెడలు తొక్కుతున్నారు, తొక్కుతున్నారు, మేం చేపల గది వైపే వెళ్తున్నాం. దాని పక్కన ముసలాయన పారతో ఎత్తి పోసిన మంచుకుప్ప ఉంది. ఎడమ స్కీ అందులోకి దూరింది. తోక లేచింది. ముక్కు మంచులో గుచ్చుకుని, తపతపా రెండు చప్పుళ్ళు చేసి, ఇంజను ఆగిపోయింది.

నిశ్శబ్దం. నేను బెల్టుకి వేలాడుతున్నాను, సరిగ్గా బావగారి నెత్తి మీద. నా ఒళ్ళోని అక్షింతలన్నీ టపటపమంటూ ఆయన బట్టతల మీద రాలుతున్నాయి. అరటిపండు ముందు అద్దానికి అంటుకుంది.

"దీర్ఘాయుష్మాన్ భవ," అన్నాను నేను. ఎందుకన్నానో తెలీదు. నోట్లోంచి వచ్చేసింది.

బావగారు నవ్వడం మొదలుపెట్టారు. నేను మొదలుపెట్టాను. తలకిందులుగా వేలాడుతూ నవ్వితే ఎక్కిళ్ళు వస్తాయని ఆ రోజు తెలిసింది.

కిటికీలోంచి అక్క కనిపించింది. పట్టుచీరలో సరస్సు మీద పరిగెత్తుకొస్తోంది. పడింది. లేచింది. మళ్ళీ పడి, ఈసారి లేవకుండా అలాగే జారుకుంటూ విమానం రెక్క కిందికి వచ్చి ఆగింది.

"ఉన్నారా? ఇద్దరూ ఉన్నారా?"

"ఉన్నాం," అన్నారు బావగారు లోపలి నుంచి. "నీ చెల్లెలు నవ్వుతోంది."

"నవ్వుతోందా? అయ్యో, దానికి తలకి దెబ్బ తగిలింది! చూడండి, మీరు డాక్టరే కదా, చూడండి!"

దెబ్బలేమీ లేవు. విమానానికే ప్రొపెల్లరు కొసలు వంగాయి. ముసలాయన తోకకి తాడు కట్టాడు. అందరం కలిసి లాగితే తోక మెల్లగా కిందికి దిగింది. అక్క ముసలాయనకి వేడి కాఫీ పోయడానికి ఇంట్లోకి వెళ్ళింది. ముసలాయన తాడు చుట్టుకుంటున్నాడు. బావగారు వంగి ఎడమ స్కీ కింద చెయ్యి పెట్టారు. చాలాసేపు తడిమారు. నన్ను పిలిచారు.

స్కీ అడుగున పసుపుపచ్చటి మంచుగడ్డ, అరచెయ్యంత మందం. గాల్లో ఉన్నంతసేపూ ఆ చలిగాలికి గట్టిపడి రాయిలా అయింది. అందులో నిమ్మకాయ సగం చెక్క, కొబ్బరిపీచు, కుంకుమ, రెండు అక్షింతలు, గాజులో పెట్టినట్టు భద్రంగా ఉన్నాయి. కుడి స్కీ నున్నగా ఉంది.

ఆయన స్క్రూడ్రైవరుతో ఆ గడ్డని ఊడదీసి, నిమ్మచెక్కని కోటు జేబులో వేసుకున్నారు.

"చెప్పకు," అన్నారు.

"అదేంటి బావగారూ? చెప్తే తప్పు మీదీ కాదు, విమానానిదీ కాదు అని తేలిపోతుంది కదా. ఉంచుకోవచ్చు."

"మీ అక్క ఈ ఊరొచ్చి ఆరేళ్ళయింది. గుడి లేదు, పంతులు లేడు, పేరంటానికి పిలవడానికి మనిషి లేదు. ఇన్నాళ్ళకి తనంతట తాను చేసిన పూజ ఇది. పొద్దున ఆవిడ మొహం చూశావా? నీ పూజే నా కాలు పట్టి లాగిందని చెప్పి విమానం ఉంచుకోనా? పోతే పోనీ." జేబు మీద చెయ్యి వేసుకుని, విమానం వైపు చూడకుండా ఇంటి వైపు నడిచారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర తీర్పు. ముసలాయన కూడా ఉన్నాడు, ముద్దపప్పులో నెయ్యి వేసుకుని చెంచాతో తింటున్నాడు. అక్క చేతులు కట్టుకుని నా ఎదురుగా కూర్చుంది.

"చెప్పు. ఉంచాలా, అమ్మాలా?"

"ఉంచాలి," అన్నాను.

"తలకిందులయ్యాక కూడానా?"

"తలకిందులయ్యాక కూడా."

అక్క తల ఊపింది. "నాకూ అదే అనిపించింది. అంత పెద్ద గండం వస్తే గీత పడకుండా బయటపడ్డారు. ఎందుకు? పూజ చేశాం కాబట్టి! అందుకని ఉంచుదాం. కానీ ఎగిరిన ప్రతిసారీ చేస్తాను. ఈసారి రెండు కొబ్బరికాయలు. కుడికాలికి నీళ్ళు చాలలేదు, అదే వచ్చిన లోపం."

బావగారి చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. విమానం దక్కింది. దక్కిందో లేదో, వారానికి రెండుసార్లు తలకిందులవబోతోంది. ఆయన నోరు తెరిచారు, మూశారు. నిజం చెప్పడానికి ఆయనకి మనసొప్పదు. చెప్పకపోతే ప్రాణానికే ముప్పు. ఆ బల్ల దగ్గర ఈ ముడి విప్పగలిగిన మనిషి ఒక్కరే, ఆ మనిషి మామూలుగా మాట్లాడదు.

"అక్కా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా, ఇంకా గాల్లోనే ఉన్నట్టు వినిపించింది. "నీళ్ళూ నిమ్మకాయలూ కింద పెట్టేది చక్రాలున్న బండికే. చక్రం భూమిని వదలదు కదా, అందుకని కింద శాంతి చెయ్యాలి. రెక్కలున్నదానికి లోపల, నడిపేవాడి కళ్ళ ఎదురుగా, నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ దారానికి గుచ్చి కట్టాలి. కాళ్ళు పొడిగా ఉంచాలి. గరుత్మంతుడి కాళ్ళు ఎవరైనా కడిగారా?"

నా జీవితంలో అంత పొడుగు మాట నేను ఎవరి ముందూ మాట్లాడలేదు.

"ఎక్కడ చదివావే ఇది?" అంది అక్క.

"నాన్నగారి బీరువాలో పాత పుస్తకం. అట్ట ఊడిపోయింది. పేరు తెలీదు."

"అడ్డమైనవన్నీ చదువుతావు కదూ," అంది అక్క. ముసలాయనకి ఇంకో గరిటె పప్పు వేసింది. బావగారి ముద్ద నోట్లోకి వెళ్ళింది.

ప్రొపెల్లరు బాగుచేయించుకుని వచ్చేసరికి ఫిబ్రవరి అయిపోవస్తోంది. మళ్ళీ ఆదివారం, మళ్ళీ ఎండ. అక్క ఈసారి చీర మీద బావగారి పాత ప్యాంటు కూడా వేసుకుంది. చేతిలో పళ్ళెం లేదు, చెంబు లేదు. నిమ్మకాయకీ పచ్చిమిరపకాయలకీ దారం కట్టి తెచ్చి, విమానం లోపల అద్దం పక్కన వేలాడదీసింది. తరవాత మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, కొంగులోంచి పొడిగుడ్డ తీసి, ఎడమ స్కీ అడుగున చెయ్యి దూర్చి తుడవడం మొదలుపెట్టింది.

నేను చూస్తూ నిలబడ్డాను. ఆమె తలెత్తలేదు.

"ఆ కోటు ఉతికింది నేనే కదే," అంది మెల్లగా. "జేబులో నిమ్మచెక్క, దానికి నా కుంకుమ. ఆయనకి ఒక్క ముక్క దాచడం రాదు. నీకు మాత్రం అట్ట ఊడిన పుస్తకాలు బాగానే దొరుకుతాయి."

నేను కూడా వంగి కుడి స్కీ అడుగున చెయ్యి పెట్టి చూశాను.

"ఆయనకి చెప్పకు," అంది అక్క. లేచి, కుచ్చిళ్ళు ప్యాంటులోకి దోపుకుని, గుడ్డగోడని ఒకసారి వేలితో నొక్కి చూసి, ఎవరి సాయమూ లేకుండా వెనక సీట్లోకి ఎక్కేసింది. "ఊఁ, పోనివ్వండి. చూస్తారేంటి?"

బావగారు నా వైపు చూశారు. నేను భుజాలెగరేశాను.

విమానం ఏ కాలూ పట్టకుండా జారి, తేలి, చెట్ల పైకి వెళ్ళింది. నేనూ ముసలాయనా చేతులడ్డం పెట్టుకుని చూస్తున్నాం. ఆయన వేలు ఎత్తి "వినపడుతోందా?" అన్నాడు. ఇంజను చప్పుడు మధ్యలోంచి, పైనుంచి, సన్నగా అరుపు. మొదట భయంతో అరుస్తోందేమో అనుకున్నాను. ఒక చుట్టు తిరిగి మా నెత్తి మీదుగా వెళ్ళినప్పుడు మాత్రం మాట స్పష్టంగా వినపడింది.

"పైకండీ! ఇంకొంచెం పైకి!"

తిన్నగా దిగారు, గీత గీసినట్టు. తలుపు తెరుచుకుంది. అక్క జుట్టంతా రేగిపోయి ఉంది. ఇప్పుడు నా వంతు కదా అని నేను బెల్టు అందుకోవడానికి ముందుకి వచ్చాను.

"ఆగవే," అంది అక్క, సీటు వదలకుండా. "ఇంకొక్క చుట్టు."